దాణా సంచి, నీటిరంగులు

వాన వెలిసిన మధ్యాహ్నం మింటు వీధిలో నా కొట్టుకి
ప్లాస్టిక్ కవరు మీద తువ్వాలు చుట్టి తెచ్చారు ఎతిరాజమ్మగారు.
"మా పెదనాన్న వేసింది. ఫ్రేము చెద తినేసింది.
బొమ్మ మాత్రం నిలిచింది నాయనా.
ఆ కుడి పక్క మరక ఉందే, దాన్ని అట్ట కింద దాచెయ్యి."

చూశాను.
దేవుడు కాదు, దొర కాదు, సముద్రం కూడా కాదు.
మేకుకి వేలాడుతున్న దాణా సంచి.

జట్కా గుర్రం మూతికి తగిలించేది.
మందపాటి కాన్వాసు,
అడుగున తోలు అతుకు, అతుకు మీద ఇంకో అతుకు.
రెండోది ఎవరో తొందరలో కుట్టారు,
పురికొస కుట్లు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి.
అన్నిటినీ లెక్కపెట్టి మరీ వేశాడు చెంగల్వరాయుడు.
హార్బరు ఆఫీసులో ట్రేసరట.
క్రేన్ల కొలతలు గీసి గీసి
అబద్ధం గీయడం చేతకాకుండా పోయిన చెయ్యి.

సంచి నోటి అంచున తెల్లగా మెరుస్తున్నది
రంగు కాదు.
కాగితాన్ని అక్కడ అలాగే వదిలేశాడు
ఎండ వచ్చి కూర్చుంటుందని.

తోలు పట్టీకి ఏడు బెజ్జాలు.
కొసనుంచి ఎంచితే బకిలీ ముల్లు ఐదోదాంట్లో ఉంది.
సాగి, నోరు తెరుచుకుని, అంచులు నల్లబడింది మాత్రం రెండోది.
అంటే దీనికి ముందు ఇంకో గుర్రం.
తల పెద్దది. చాలా ఏళ్ళు తిన్నది.
చెంగల్వరాయుడికి ఆ సంగతి తెలిసి ఉండదు.
కనిపించింది వేశాడు,
తెలియనిది కూడా వచ్చి అందులో పడింది.

సంచి అడుగు ఉబ్బి ఉంది.
నానబెట్టిన ఉలవలు.
గోధుమరంగు ఆరకముందే నీళ్ళకుంచె తగిలించి
తడిని కాన్వాసులోంచి కిందికి పాకించాడు.
ముక్కు దగ్గర పెడితే
పచ్చి ఉలవల వాసన వస్తుందేమోనని
నిజంగానే పెట్టి చూశాను.
బూజు వాసన వచ్చింది.

గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదంటారు.
సామెతలో గుర్రం ఎప్పుడూ తింటూనే ఉంటుంది.

వెనక అట్ట ఊడదీస్తే
పెన్సిలుతో చీమల బారు లాంటి అక్షరాలు:
'పార్కు టౌను జట్కా స్టాండు.
మూడున్నర మొదలు ఐదుంబావు దాకా.
సంచి కదపకుండా ఉంచినందుకు
మస్తాను సాయిబుకి రెండణాలు.'

రెండణాలు మస్తాను సాయిబువి.
గంటా నలభై ఐదు నిమిషాలు గుర్రానివి.

బొమ్మలో గుర్రం లేదు.
సంచి నిండుగా ఉంది కనుక
అది అక్కడే ఎక్కడో ఉంది,
కాగితం అయిపోయిన చోట,
చెవులు ముందుకు పెట్టి,
తన తిండి చిన్న చిన్న రంగులుగా
వేరే చోటికి పోతుంటే చూస్తూ.

మరకని బల్బు కిందికి జరిపాను.
కుడి అంచునుంచి లోపలికి
తడి రంగు మీద లాగిన వెడల్పాటి చార.
ఏ కుంచెకీ అంత వెడల్పు లేదు.
మనిషి అరచేయి అంత మెత్తగా పోదు.
చార మధ్యలో ఒక వెంట్రుక,
పొట్టిది, ముతకది,
కాగితంతోపాటే ఆరిపోయి ఉంది.

తుడిచి ఉండొచ్చు చెంగల్వరాయుడు.
ఇంకో కాగితం తీసి ఉండొచ్చు.
సంతకం మాత్రం ఎడమ పక్క చేసి
కుడి పక్క దానికి వదిలేశాడు.

బయట వీధిలో నీళ్ళు ఇంకా తీయలేదు.
కొట్టు ముందు ఆటో ఆపుకుని
హ్యాండిలు మీద పొట్లం విప్పి
పులిహోర తింటున్నాడు ఒకతను.
బేరం వచ్చి పిలిస్తే
తలెత్తకుండానే ఎడమచెయ్యి ఆడించాడు.

అట్ట కోసేటప్పుడు కుడివైపు
ఒక వేలు వెడల్పు ఎక్కువ తీశాను.
ఎతిరాజమ్మగారు శుక్రవారం వస్తారు.
మరక బయటే ఉందేమిటని అడుగుతారు.
కత్తి జారిందని చెబుతాను.
నా చేతికి అబద్ధం వచ్చు.